జాజితీగకు కత్తెర

వనపర్తి

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. జాజితీగ పందిరంతా అల్లుకుంది గానీ పోయిన వానాకాలం గుప్పెడు పూలన్నా పూయలేదని రాసినవు. దానికి రోగమేం లేదు. పాపమని నువ్వు కత్తెర పెడ్తలేవు, అంతే.

జాజి కొత్త చిగురు కొసకే మొగ్గ తొడుగుతది. పాత కొమ్మలు చిక్కుపడి పెరిగితే సత్తువంతా ఆకుకే పోతది. సంక్రాంతి లోపల కత్తిరించు. వారం ముందే నీళ్లు ఆపు. మొదలు, పందిరి మీద పరుచుకున్న లావు కొమ్మలు రెండు మూడు ఉంచుకొని, పక్క కొమ్మలన్నీ జానెడు మిగిల్చి కోసెయ్యి. ఎండుపుల్లలు మొదలుకంటా తీసెయ్యి. బోసిపోయిన పందిరిని చూస్తే పాణం ఉసూరుమంటది గానీ, చిగురు రావడానికి ఎక్కువ రోజులు పట్టదు. కోసినంక మొదలు చుట్టూ పాదు చేసి, బాగా మాగిన పశువుల ఎరువు 10 కిలోల దాకా వేసి, నిండా నీళ్లు పెట్టు.

నీళ్ల దగ్గర మాత్రం మమ్మల్ని చూసి చెయ్యకు. మా పెరడు ఎర్ర చెలక, నాగర్‌కర్నూల్ల మీ చిన్నమ్మదీ అంతే. పొద్దున పోసింది సాయంత్రానికి ఇంకిపోతది, అందుకే ఎండాకాలం దినం విడిచి దినం పోస్తం. నువ్వున్నది నడిగడ్డ. కృష్ణా తుంగభద్రల నడుమ రేగడి చాలా ఉంది, నీ పెరడూ నల్లమన్నే అన్నవు. అందులో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతది. వేలు రెండు కణుపుల లోతు దించి చూడు, తడి తగిలితే ఆ పూట పొయ్యకు.

లేత ఆకు పసుపుపచ్చగై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న రేగడిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ఎరువుల దుకాణంలో అన్నభేది అడుగు. లీటరు నీళ్లకు 5 గ్రాములు కలిపి, నిమ్మచెక్క పిండి, చల్లపూట ఆకు తడిసేటట్టు కొట్టు. రెండు వారాలకు మళ్లీ ఒకసారి.

మొగ్గలకు బొక్కలు పడి ఊదారంగుకు తిరిగితే లోపల పురుగున్నట్టే. ఏరి కాల్చెయ్యి.

మల్లె లెక్క ఎండాకాలం పూయలేదని బెంగపడకు, జాజిది వానల కాలం. బతుకమ్మ పండుగకు పిల్ల జడలోకి, దేవుని గూటికి సరిపోను పూస్తది.

నేలకు దగ్గరగా ఉన్న కొమ్మ ఒక్కటి కొయ్యకుండా ఉంచు. ఆషాఢంలో గద్వాల వస్త. బెరడు కాస్త చెక్కి మన్నులో అంటు తొక్కితే మూడు నాలుగు నెలల్లో వేరు పడ్తది. మీ పక్కింటామె మొక్క అడిగిందన్నవు కదా, ఆమెకు అదే ఇద్దాం.

మీ పెద్దమ్మ