తాత గురించి రాస్తున్న మేనకోడలికి



తాత సాంవత్సరికానికి చుట్టాలకు పంచే చిన్న పుస్తకం కోసం నువ్వు రాసి పంపిన కాగితాలు నిదానంగా చదివాను. ప్రేమగా రాశావు బిడ్డా. తాత ఓపికమంతుడని, ఎవరినీ నొప్పించేవాడు కాదని, ఇల్లే ప్రాణంగా బతికాడని రాశావు. అన్నీ నిజమే. కానీ ఆ మాటలు ఏ ఊళ్లో ఏ తాత గురించైనా రాయొచ్చు. రేపు నీ పిల్లలు చదివితే ముత్తాత మంచివాడని తెలుస్తుంది గానీ, పొద్దున లేచి ఏం చేసేవాడో, ఎవరికి ఏం అందించాడో తెలియదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

‘తాత గొప్ప నేతగాడు, ఆయన చేతుల్లో చీర ప్రాణం పోసుకునేది’ అన్నావు. ఆ వాక్యంలో మీ నానమ్మ లేదు. మీ నాన్న లేడు, నేను లేను. పోచంపల్లిలో ఒక్క మనిషి చేత్తో ఏ చీరా తయారు కాదు. తాతను ఇంట్లోవాళ్ల నడుమ కూర్చోబెట్టి రాయి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

చిటికి కట్టాలంటే, అంటే రంగు ఎక్కకూడని చోట దారానికి ముడులు వేయాలంటే, ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు దిగేసిన చట్రం ముందు కూర్చుని, మధ్యలో ఉన్న మేకు నుంచి అంచు మేకులకు, మళ్లీ వెనక్కి దారం తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. నాలుగైదు గంటల పని. అది మీ నానమ్మ చేసేది. ఆ దారాన్ని చట్రానికి ఎక్కించి మా నాయిన, అంటే మీ తాత, గుర్తులు పెట్టేవాడు. ఆ గుర్తుల మీద పాత సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు పీలికలతో అందరం కూర్చుని ముడులు కట్టేవాళ్లం. కట్టిన చోట రంగు ఎక్కదు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. రంగు రంగుకూ కొత్త ముడులు పడుతుండేవి. అద్దకం అయి, దారం ఆరి, ముడులు విప్పినాక పేకను వరుస తప్పకుండా కండెలకు చుట్టాలి. ఒక్క కండె ముందుది వెనకైతే బొమ్మ చెదిరిపోతుంది.

ఆ కండెలు చుట్టే పని మీ నాన్నది. బడికి పోయే ముందు చుట్టేవాడు. ఆట మీద ధ్యాస ఉన్న పిల్లవాడు, వరుస తప్పేది. నాయిన తిట్టేవాడు కాదు. మగ్గం ఆపి, పిలిచి, మగ్గం గుంట అంచున పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మ ఎక్కడ విరిగిందో వేలు పెట్టి చూపించేవాడు. నేసినంత మేర పేక ఊడదీసి, కండెల వరుస సరిచేయించి, మళ్లీ నేసేవాడు. ఆ పూట కూలి పోయినట్టే. ఓపికమంతుడు అన్న మాట కొట్టేసి ఇది రాయి.

మీ నానమ్మ భుజం గురించి తప్పకుండా రాయాలి. ఏళ్ల తరబడి ఆసు పోసిన చెయ్యి రాత్రిపూట పైకి లేచేది కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు మిషన్ తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చింది. ఆ మిషన్ సంగతి తెలిసినప్పుడు మన ఇంటికప్పు కురుస్తుండేది. కప్పు బాగుచేయిద్దామని కూడబెట్టిన డబ్బుకు ఇంకొంత అప్పు కలిపి నాయిన మిషన్ తెచ్చాడు. మా చిన్నాయిన కోప్పడితే, ‘కప్పు కురిస్తె గిన్నె పెడతం. ఆమె భుజానికి ఏం పెడతం?’ అన్నాడు. మా అమ్మ ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటుంది. నాయిన మాటల్లో పుస్తకంలోకి ఎక్కాల్సింది ఏదన్నా ఉందంటే నా లెక్కలో ఇదే.

ఊరి చరిత్ర కొంచెం పెట్టు, ఎక్కువ వద్దు. ఇక్కత్తు మనకు చీరాల వైపు నుంచి వచ్చిందని, 1970 ప్రాంతంలో ఊరి పెద్దలు ఇద్దరు యువకులను బెంగళూరు పంపి పట్టు నేత నేర్పించారని, అక్కడి నుంచే మన ఇంట్లోకి పట్టు వచ్చిందని రెండు ముక్కల్లో రాస్తే చాలు. భూదానం సంగతి మాత్రం నాయిన చెప్పిన తీరులోనే చెప్పు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఊరికి వచ్చినప్పుడు నాయిన తొమ్మిదేళ్ల పిల్లగాడు. 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడిన వెదిరె రామచంద్రారెడ్డి పేరు అందరికీ తెలుసు. నాయిన మాత్రం ఎప్పుడు చెప్పినా, మాకు 80 ఎకరాలు కావాలని వినోబా ముందు నోరు తెరిచి అడిగిన దళిత కుటుంబాల దగ్గరే మొదలుపెట్టేవాడు. ఇచ్చిన చెయ్యి పెద్దదే, కానీ అడగడానికి ఇంకా గుండె కావాలని ఆయన నమ్మకం.

ఇంట్లోనూ ఆయనది ఇదే తీరు. నేను పదో తరగతి తర్వాత చదువుతానంటే చుట్టాలంతా ఆడపిల్లకు ఎందుకన్నారు. నాయిన వాళ్లతో వాదించలేదు. ‘అడిగింది పిల్ల. మీరు కాదు గద’ అని ఊరుకున్నాడు. భువనగిరి కాలేజీలో చేర్చిన రోజు నుంచీ మా ఇంట్లో నా చదువు మీద మళ్లీ పంచాయితీ జరగలేదు.

నీ కాగితాల్లో ఒక సంగతి అసలే లేదు. మీ నాన్నను మగ్గం మీద కూర్చోనివ్వలేదు తాత. కండెలు చుట్టడం వరకే. నాడె చేతికి ఇవ్వలేదు. సిరిసిల్ల నుంచి నేతన్నల ఆత్మహత్యల వార్తలు వచ్చిన రోజులు చూసినవాడు ఆయన. మనది పట్టు, వాళ్లది మరమగ్గం, అయినా ఆ వార్త విన్న రోజు ఏ నేతగాడి ఇంట్లోనూ అన్నం సయించలేదు. 2005లో పోచంపల్లి ఇక్కత్తుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ మన బొమ్మనే గుడ్డ మీద అచ్చేసి చవగ్గా అమ్మేవాళ్లు ఆగిపోలేదు. అందుకే కొడుకును చదివించాడు. మీ నాన్నకు ఉద్యోగం వచ్చినప్పుడు వాడకట్టంతా మిఠాయి పంచాడు. ఈ ఇంటి మగ్గం తనతో ఆగిపోతుందని బాధ కూడా పడ్డాడు. ఆ బాధ కొడుకుకు తెలియనివ్వలేదు, నాతో చెప్పుకున్నాడు. రెండూ రాయి. ఒకటి దాచి ఇంకోటి రాస్తే మనిషి సగమే కనపడతాడు. మీ నాన్న నొచ్చుకుంటాడని భయపడకు. అచ్చుకు ఇచ్చే ముందు ఆ పేజీ ఆయనకే చూపించు. తన తండ్రి ఎందుకలా చేశాడో మీ నాన్నకు కూడా ఒకరు చెప్పాలి.

ఇక తాతగా ఆయన్ని నువ్వు నాకంటే బాగా ఎరుగుదువు. మాకు దొరకని తీరిక మీకు దొరికింది. మోకాళ్లు పనిచేయక గుంటలోకి దిగడం మానేశాక, ఆయన చేతులు రెండూ మీ చుట్టూనే. ఎంగిలిపూల బతుకమ్మకు ముందు పొద్దున్నే పోయి తంగేడు, గునుగు తెచ్చేవాడు గుర్తుందా? అందరూ బజారు రంగులో గునుగు ముంచితే, ఆయన అద్దకం గిన్నె పొయ్యి మీద పెట్టి, పట్టుకు కలిపినంత శ్రద్ధగా రంగు కలిపి ముంచేవాడు. వాడకట్టులో అంత చిక్కటి ఎరుపు ఇంకే బతుకమ్మ మీదా ఉండేది కాదు. నీ జడకు రిబ్బను కూడా ఆయనే కట్టేవాడు, చిటికి ముడి వేసి. నువ్వు ఎంత ఎగిరినా ఊడేది కాదు. వీటిలో ఒక్కటీ నువ్వు రాయలేదు. చిన్న విషయాలని వదిలేశావేమో. పుస్తకం వీటి కోసమే బిడ్డా. చేనేత సొసైటీ వాళ్లు ఇచ్చిన జ్ఞాపిక ఫొటో కావాలంటే చివరి పేజీలో వేసుకో.

పని విషయం. మీ నానమ్మను ‘తాత గురించి చెప్పు’ అని అడగకు, కళ్లనీళ్లు పెట్టుకుని ఊరుకుంటుంది. బీరువాలో ఉన్న చీరల్లో ఒకటి తీసి చేతిలో పెట్టి, ఇది ఎవరి పెళ్లికి నేసింది, రంగు ఎవరు అద్దారు, ముడులెవరు కట్టారు అని అడుగు. గంట చెబుతుంది. ఫోన్‌లో రికార్డు పెట్టు, ఆమెకు చెప్పే పెట్టు. మాటకు మధ్యలో అడ్డుపడకు, తారీఖులు తప్పితే అక్కడే దిద్దకు, తర్వాత నన్నడుగు. పాత ఫొటోల వెనక ఎవరెవరున్నారో పెన్సిల్‌తో రాయించు. కొన్ని ముఖాలను గుర్తుపట్టగలిగింది ఇప్పుడు ఆమె ఒక్కతే. నాయినతో కలిసి అద్దకం చేసిన పక్కింటి పెద్దాయన దగ్గరికి కూడా పో. ఆయనకు చెవులు సరిగా వినపడవు, దగ్గర కూర్చుని గట్టిగా అడగాలి. నాయిన గ్రాఫు కాగితం మీద బొమ్మలు గీసుకున్న నోటుబుక్కులు అటక మీద రేకుపెట్టెలో ఉన్నాయి. ఒక పేజీ పుస్తకం అట్టకు పనికొస్తుంది. ఏ పేజీయో నానమ్మే చెప్పాలి.

పెత్రమాసకు రెండు రోజుల ముందే రా. ఆ రోజు ఇంటినిండా జనం, పెద్దలకు బియ్యమిచ్చే హడావిడి, నానమ్మకు కూర్చునే తీరిక ఉండదు. నేను ముందురోజు సాయంత్రానికి అక్కడ ఉంటాను. నీ కాగితాల మీద పక్కన నేను పెట్టిన గుర్తులు చూసుకుని, కొత్తగా రాసినంత వరకు తెచ్చుకో. పూర్తి కాకపోయినా ఫరవాలేదు.

ఇట్లు,
మీ అత్త