చౌమహల్లా వాహనశాలను చూడబోవు మనుమనికి

అంగలకుదురు

హైదరాబాదులో చౌమహల్లా సౌధమునకు బోయి అందలి పాతకార్లను చూడనెంచితినని నీవు వ్రాసిన జాబు చదివి మిక్కిలి సంతసించితిని. శుక్రవారము అచట సెలవుదినము గావున, మఱియొకనాడు ఉదయముననే పొమ్ము.

నాయనా! తిన్నగా కార్లయొద్దకు పరుగిడక, ముందుగా సౌధమును చూడుము. సలాబత్ జంగు కాలమున 1750 ప్రాంతమున ఆరంభింపబడి, శతాబ్దమునకు పైగా పెరిగి, అఫ్జలుద్దౌలా ఏలుబడిలో పూర్తియైన ఆ ప్రాంగణమున, నిజాము ప్రభువులైన అసఫ్‌జాహీల కొలువుకూటమైన ఖిల్వత్ ముబారక్‌నందలి పాలరాతి గద్దెను, పైన వ్రేలాడు 19 స్ఫటిక దీపగుచ్ఛములను చూచినవానికే, అట్టి కొలువునుండి ఊరేగింపునకు వెడలు ప్రభువు ఎట్టి వాహనమును కోరెనో బోధపడును.

పిమ్మట 1912 నాటి పసుపువన్నె రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టునొద్ద నిలువుము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ చేయింపబూని 1911లో గతింపగా, అది ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు చేరినది. వెనుకభాగమున సింహాసనమువలె ఎత్తైన ఆసనముండుటచే దానిని థ్రోన్ కారందురు. యంత్రము డెర్బీ కర్మాగారమున పుట్టినదైనను, దేహమును కట్టినవారు తరతరములుగా గుఱ్ఱపుబండ్ల నిర్మాణమున ఆరితేరిన లండను బార్కరు కంపెనీవారు. కొయ్యను వంచుట, రేకును తొడుగుట, రంగును పూతపై పూతగా నిలుపుట మొదలగు బండిపనివారి విద్యలన్నియు మోటారుకు సంక్రమించినవి. మన యూరి బండిచక్రమునకు వడ్రంగి ఆకులు కూర్చగా, కమ్మరి ఇనుపకట్టును ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీళ్లు చల్లి బిగించు విధమును నేను నీకు చెప్పియుంటిని; ఆ కన్నుతోనే అచటి బండ్లను, కార్లను పరికించి, అతుకు ఎచట దాచబడెనో, భారము ఎచట నిలిచెనో తెలిసికొనుము. చేతితో మాత్రము తాకకుము.

ఇంజనీరు కాబోవు నీకు ఇంకొక మాట. ఆ థ్రోన్ కారు మిక్కిలి స్వల్పదూరమే తిరిగినది. అదే ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, 1932 జూనులో, నిజాము రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రజారవాణాను నెలకొల్పిరి. నేటి ఆర్టీసీకి మూలమదియే. కావున ఏ వాహనమును చూచినను రెండు ప్రశ్నలు వేసికొనుము: దీనిని కట్టిన చేతులెవ్వరివి? ఇది ఎందరిని మోసినది? మొదటిదానికి ఆ సింహాసనరథము ఘనమైన సమాధానము చెప్పును. రెండవదానికి ఆ సామాన్యపు బస్సులు చెప్పును. పనితనమున ఆ కారుకు, ప్రయోజనమున ఆ బస్సులకు తీసిపోని యంత్రమును నీవు నిర్మింపగలిగిన నాడు నీ చదువు సార్థకమగును.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
తాత