వార్ధక్యము – మెదడు సంరక్షణ

కళ్ళజోడును నుదుటిపై పెట్టుకొనియే దానికొరకు ఇల్లెల్ల వెదకు తాతగారిని చూచి పిల్లలు నవ్వుదురు. వయస్సు మీరినకొలది ఇట్టి మరపు సహజమే. కాని నలువది సంవత్సరములుగా నడచిన బజారునుండి ఇంటికి దారి తోచకపోవుట, ఒకే ప్రశ్నను మరల మరల అడుగుట, చిల్లర లెక్కించుటలో తడబడుట వేరు. వీనిని చాదస్తమని త్రోసివేయుట మన యిండ్లలో వాడుకయైనది. ఈ వాడుక హానికరము.

ఏలయన, మతిమరుపంతయు మానరానిది కాదు. థైరాయిడ్ గ్రంథి మందగించుట, బి-12 విటమిను లోపించుట, మనోవ్యాకులత, నిద్రమాత్రలవంటి కొన్ని మందులు, క్రిందపడినపుడు తలలోపల రక్తము చేరుట, వీనివలనను జ్ఞాపకశక్తి తగ్గవచ్చును. సకాలమున గుర్తించినచో వీనిలో పెక్కింటికి చికిత్స కలదు. చాదస్తమని ఊరకుండు కుటుంబము కుదురదగిన జబ్బును ముదురనిచ్చుచున్నది.

మిగిలినది డిమెన్షియా, అనగా చిత్తవైకల్యము. జర్మను వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో వర్ణించిన వ్యాధి దీనికి ముఖ్యకారణము. మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఇది కలదని 2023లో ప్రకటింపబడిన అంచనా. దీనిని పూర్తిగా నయముచేయు మందు లేదు. అయినను, లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము 2024లో 14 కారణములను పేర్కొని, వానినన్నిటిని తొలగింపగలిగినచో ఈ వ్యాధిలో నూటికి సుమారు 45 పాళ్ళు నివారించుటయో, ఆలస్యమగునట్లు చేయుటయో సాధ్యము కావచ్చునని తెలిపెను.

వానిలో రక్తపుపోటు ఒకటి. మెదడు బరువు శరీరమున నూటికి రెండు పాళ్ళే. శరీరము వినియోగించు ప్రాణవాయువులో ఐదవ వంతు దానికే కావలెను. ఆ రక్తమును చేర్చు సన్నని నాళములను ఎక్కువపోటు ఏండ్ల తరబడి చెరచును. తలనొప్పి లేదు గనుక పోటు లేదని తలంచరాదు. నలువదియవ యేటనుండియే కొలిపించుకొనవలెను. పోటు తగ్గినదని వైద్యుని అడుగక మందు మానరాదు. ఊరగాయ, అప్పడము మితముగా తినవలెను. మధుమేహము, కొలెస్టరాలు, పొగాకు, మద్యము విషయమునను ఇదే జాగ్రత్త. ప్రతిదినము అరగంట నడక మేలు.

చెవుడును ఆ పదునాలుగింటిలో ఒకటియని పెక్కుమంది ఎరుగరు. కళ్ళజోడు పెట్టుకొనుటకు సంకోచింపనివారు వినికిడి యంత్రమనగానే సిగ్గుపడుదురు. వినబడని వృద్ధుడు క్రమముగా సంభాషణనుండి తొలగి, మూలనున్న కుర్చీకి పరిమితుడగును. మాటలు కరవైన మెదడునకు పనియు కరవగును. కావున చెవులను పరీక్షింపజేయుట, కంటి శుక్లములను తీయించుట మెదడు సంరక్షణలోని భాగములే.

హైదరాబాదున 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితము గమనింపదగినది. ఒకే భాష తెలిసినవారికంటె రెండుగాని అంతకెక్కువగాని భాషలు మాటలాడువారికి వ్యాధిలక్షణములు సుమారు నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనబడినవి. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చినది గనుక ఇది కేవలము పాఠశాల మహిమ కాదు. ఆ నగరమున తెలుగును ఉర్దూను ఒకే బేరములో కలిపి మాటలాడు కూరగాయల వర్తకులకు ఇది వింతగా తోచకపోవచ్చును! అరువదవ యేట క్రొత్తభాష నేర్చినవారికి వ్యాధి రాదని దీని యర్థము కాదు. అయినను ఇరుగుపొరుగుతో ముచ్చటలు, పత్రికాపఠనము, మనుమలకు లెక్కలు నేర్పుట మానుకొనుటకు వయస్సు కారణము కారాదు.

అనుమానము కలిగినచో సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళవలెను. నిత్యము కలిసియుండువారొకరు వెంట నుండుట అవసరము. "ఈయనకు ఏమియు తెలియదు" అని రోగి యెదుట పలుకరాదు. ఆయన వినుచునే యుండును. మార్పు ఎప్పుడు, ఏ పనిలో మొదట కనబడినదో కాగితముపై వ్రాసికొని, వాడుచున్న మందులన్నిటిని, నాటుమందులతో సహా, ఒక సంచిలో వేసికొని వైద్యునికి చూపవలెను.