శబ్దగ్రాహకుడు అర్దెషీర్ ఇరానీ

భివండిలోని పద్మనగర్ వీధుల్లో పగలూ రాత్రీ సాంచెల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. తెలంగాణ జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన నేత కుటుంబాలకు ఆ చప్పుడే అన్నం పెట్టింది. కాని ఆ వీధిలోనే ఒక పాటను రికార్డు చేయవలసి వస్తే? మన చెవి తనకు కావలసిన మాటను ఏరుకొని వింటుంది. మైకుకు ఆ తెలివి లేదు. పాటతో పాటు సాంచె చప్పుడును కూడా పట్టుకొంటుంది. అక్కరలేని ధ్వనిని దూరంగా ఉంచి, కావలసిన ధ్వనిని నిలిపి ఉంచే పనినే శబ్దగ్రహణం అంటారు. మన దేశపు తొలి టాకీకి ఈ పని చేసినవారు అర్దెషీర్ ఇరానీ.

ఇరానీ 1886లో పుణెలో జన్మించారు. మొదట వాద్యపరికరాలు, ఫోనోగ్రాఫులు అమ్మే వ్యాపారం చేశారు. 1926లో బొంబాయిలో ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీని స్థాపించారు. అప్పటి చిత్రాలన్నీ మూగవే. 'షో బోట్' అనే అమెరికా చిత్రాన్ని చూసిన తరువాత, మన భాషలో మాట్లాడే చిత్రాన్ని తీయాలని ఆయన నిశ్చయించుకొన్నారు.

శబ్దగ్రహణ యంత్రం విదేశం నుండి వచ్చింది. దానిని బిగించడానికి వచ్చిన విల్ఫర్డ్ డెమింగ్ అనే నిపుణుడు శబ్దగ్రహణం చేయడానికి రోజుకు 100 రూపాయలు అడిగాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఇరానీ, ఆయన సహాయకుడు రుస్తుం భరూచా ఆ నిపుణుని వద్ద మెలకువలు నేర్చుకొని, ఆ పనిని తామే చేపట్టారు. నిర్మాత, దర్శకుడు అయిన ఇరానీ ఆ విధంగా శబ్దగ్రాహకుడు కూడా అయ్యారు.

మైకు ధ్వనిని విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు హెచ్చుతగ్గులను బట్టి వెలుగు మారుతుంది. ఆ వెలుగు ఫిల్మ్ అంచున గీతగా ముద్ర పడుతుంది. ఇరానీ వాడిన యంత్రంలో బొమ్మ, ధ్వని ఒకే ఫిల్మ్ మీద ఒకేసారి పడేవి. పాటలో తప్పు దొర్లితే బొమ్మ కూడా పాడైనట్లే.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు. రైళ్ళను ఆపడం ఎవరి తరం? అందుకే రైళ్ళు తిరగని అర్ధరాత్రి వేళ చిత్రీకరణ జరిపారు. మైకులు కెమెరా కంటికి కనబడకుండా దాచారు. వాద్యగాళ్ళు కూడా చాటున కూర్చొని వాయించారు. నటులు నటిస్తూనే పాడారు. ఆ విధంగా ఏడు పాటలతో తయారైన 'ఆలం ఆరా' 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో విడుదలైంది.

మరుసటి సంవత్సరమే ఇరానీ నిర్మాణంలో, హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' బొంబాయిలోనే తయారైంది. అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి తన పాటలను తానే పాడింది. తొలి తెలుగు టాకీ పాట వెండితెరపై వినిపించడానికి మహారాష్ట్ర నేలే వేదిక అయింది.

అయితే ఆ ధ్వని నేడు మనకు లేదు. ఈ రెండు చిత్రాల ప్రతులలో ఒక్కటీ దొరకడం లేదు. 1964లో పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది. దానిని తీర్చిదిద్దిన పి.కె.నాయర్ ఆలం ఆరా కోసం ఇరానీని కలిశారు. కొన్ని రీళ్ళు ఉండాలని ఇరానీ చెప్పారు. కాని వాటిలోని వెండి కోసం అవి అప్పటికే చేతులు మారాయని నాయర్‌కు తెలిసింది. రైలు చప్పుడును జయించిన పాట, దాచుకొనేవారు లేక పోయింది.

1969లో ఇరానీ కన్నుమూశారు. గురుకులం లేని కాలంలో ఆయన కొద్ది రోజుల్లో నేర్చుకొన్న ఈ విద్యను ఆ తరువాత పుణెలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పాఠ్యాంశంగా బోధించింది. ధ్వనిని పట్టడం ఒక విద్య. పట్టిన దానిని కాపాడడం మరొక విద్య. రెండూ తెలిసినవాడే నిజమైన శబ్దగ్రాహకుడు.

అభ్యాసం
1. ఆలం ఆరా చిత్రీకరణ అర్ధరాత్రి వేళ ఎందుకు జరిగింది?
2. "దాచుకొనేవారు లేక పోయింది" – ఈ మాటలను సొంత మాటల్లో వివరించండి.
3. మీ అమ్మమ్మ లేదా నాయనమ్మ పాడే ఒక పాటను రికార్డు చేయండి. ఏ చోట, ఏ వేళ చేస్తే బయటి చప్పుడు తక్కువగా పడిందో రాయండి. ఆ పాటను ఎలా భద్రపరుస్తారో చెప్పండి.