ఒకే బల్ల మీద

పాఠ్యభాగము: యాకోబు 2:1–9

సంఘకూటములో ఎవరిని ఎక్కడ కూర్చుండబెట్టుచున్నారని యాకోబు భక్తుడు విశ్వాసులను అడుగుచున్నాడు. ధనవంతునికి మంచి చోటును, బీదవానికి హీనమైన చోటును చూపుట పాపమని ఆయన బోధ. కూర్చుండు చోటు చిన్న సంగతి కాదు. బడిలో బిడ్డ ఏ బల్ల మీద కూర్చుండునో దానినిబట్టి తన్ను గూర్చి తాను తలంచుకొనును.

మాల, మాదిగ బిడ్డలకు ఊరి బడి గడప తొక్కుటయే కష్టమైన దినములు మన సీమలో ఉండెను. లోనికి వచ్చినను వారు ఎడముగా కూర్చుండవలసి యుండెను. 1917లో మనకు ఎగువనున్న బెజవాడలో భాగ్యరెడ్డి వర్మగారి అధ్యక్షతను సభ కూడి, తాము పంచములు కారనియు, ఆది ఆంధ్రులనియు చాటుకొనిరి. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుపరచెను. ప్రభుత్వ బడులలోను, ప్రభుత్వ ధనసహాయము పొందు బడులలోను కులమునుబట్టి ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము చెప్పుచున్నది. అంటరానితనము పేరిట బడిలో చేర్చుకొనకుండుటను 1955 నాటి చట్టము నేరముగా ఎంచెను.

అయితే ఇట్టి న్యాయము ఊరక రాదు. ఎవరో వెల చెల్లింతురు. అమెరికా దేశమున దక్షిణ కరోలినా రాష్ట్రములో క్లారెండన్ అను పల్లెసీమ కలదు. అచ్చట తెల్లవారి బిడ్డలకు ఒక బడి, నల్లవారి బిడ్డలకు వేరొక బడి ఉండెను. తెల్ల బిడ్డలు బస్సులలో పోవుచుండగా నల్ల బిడ్డలు మైళ్లకొలది నడిచిరి. జె. ఎ. డిలేన్ అను పాదిరిగారు ఆ పల్లె తల్లిదండ్రులను కూడగట్టెను. 1947లో వారు అడిగినది ఒక్క బస్సు మాత్రమే. అదియు దొరకలేదు. 1949లో సమానమైన బడులు కోరుచు అర్జీ పెట్టిరి. అందులో మొదటి పేరు హారీ బ్రిగ్స్. పెట్రోలు బంకులో ఆయన పని పోయెను. ఆయన భార్య పనియు పోయెను. 1951లో ముగ్గురు న్యాయాధిపతులలో ఇద్దరు వేరు బడులు చట్టబద్ధమేననిరి. అయినను వారు వెనుదీయలేదు. ఇట్టి మరికొన్ని వ్యాజ్యములతో కలిపి ఆ వ్యాజ్యమును విచారించిన అత్యున్నత న్యాయస్థానము, వేరు బడులు ఎన్నటికిని సమానములు కానేరవని 1954 మే 17న ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. మరుసటి యేడు డిలేన్ గారి గుడి కాల్చబడెను. ఆయన ఆ రాష్ట్రము విడిచి పోవలసి వచ్చెను.

తీర్పు తలుపు తెరచును గాని, ప్రక్కన చోటిచ్చుట మన పని. నేటికిని కొన్నిచోట్ల మధ్యాహ్న భోజనపు వరుసలో బిడ్డలు వేరుపడుచున్నారు. మాలపల్లెకు ఒక గుడి, మాదిగపల్లెకు ఒక గుడియని మనలో మనమే విడిపోయిన యూళ్లును కలవు. ప్రభువు బల్ల యొద్ద ఒకటైనవారము బడి బల్ల యొద్ద ఎట్లు వేరగుదుము?

కూటములో ఆలోచించుటకు:

1. మన ఊరి బడిలో ఏ బిడ్డయైనను ఎడముగా కూర్చుండుచున్నదా? పెద్దలలో ఎవరు వెళ్లి చూచెదరు?

2. బడి మానిన బిడ్డలు మన పేటలో ఎందరు? వారిని తిరిగి చేర్చుటకు ఎవరు తోడు వెళ్లెదరు?

3. మన గుడిలో చాప మీద ఎవరు, కుర్చీ మీద ఎవరు?