ఎముకలు పలుకు సాక్ష్యము

విద్యార్థులారా! మన ఉద్దానపు తోటలలో జీడిపిక్కను పాతినచో జీడిమొక్కయే మొలచును గాని పనసమొక్క మొలవదు. తల్లిచెట్టు గుణములు పిక్కయందే లిఖింపబడి యున్నవి. అట్లే మన దేహకణములలో తల్లిదండ్రులనుండి సంక్రమించిన లిఖితమొకటి కలదు. దానిని డి.ఎన్.ఎ. అందురు. దాని యక్షరములు నాలుగే. మనుష్యుడు గతించిన పిదపను ఎముకలలో, పండ్లలో నా లిఖితము తునుకలై చిరకాలము నిలువవచ్చును. లోచెవిని చుట్టియుండు ఎముక మిక్కిలి గట్టిది గనుక నందు బాగుగా నిలుచును. ఆ తునుకలను చదివి, నేటి జనుల లిఖితముతో పోల్చి, మృతుని పూర్వికుల జాడ తీయుదురు.

ఇందులకు హిమాలయములలోని రూపకుండము మంచి నిదర్శనము. 5,000 మీటర్ల యెత్తున నున్న యీ చిన్న సరస్సు చెంత వందలకొలది జనుల యస్థికలు పడియుండెను. వీరెల్లరు నొక్క వడగండ్ల వానలోనే మడిసిరని పలువురు తలచిరి. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునకు చెందిన తంగరాజ్, లక్నోకు చెందిన నీరజ్ రాయ్, హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ రైక్ మున్నగువారు 38 మంది యెముకలను పరీక్షించి 2019లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 23 మంది భారతీయ వంశజులు, క్రీ.శ. 800 ప్రాంతపువారు. 14 మంది తూర్పు మధ్యధరా తీరవాసులను పోలినవారు. ఒకరు ఆగ్నేయాసియా వంశీయులు. ఈ 15 మంది సుమారు 1800 నాటివారు. ఒక్కనాటి మరణములను కథ నిలువలేదు.

రూపకుండపు చలి లిఖితమును కాపాడినది. మన తీరపు ఉక్కయు తేమయు దానిని త్వరగా చెరచును. అయినను సముద్రము కావలియొడ్డున నొక సాక్ష్యము దొరకినది. కాంబోడియాలోని అంకోర్ బొరేయి చెంత క్రీ.శ. 1–3 శతాబ్దుల నాటి బాలుని యెముకయందు దక్షిణాసియా వంశాంశము సగమునకు కొంచెము తక్కువగా కలదని 2022లో ప్రకటించిరి. ఆ పూర్వికులు కళింగ తీరమున నోడ నెక్కిరో, మరియే రేవున నెక్కిరో ఆ యెముక చెప్పదు. సాక్ష్యము పలికినంతయే గ్రహించుట శాస్త్రధర్మము.

“మా వంశము వేరు, మీ వంశము వేరు” అను మాటను మేము తరగతులలో నిప్పటికిని వినుచున్నాము. 2009లో సి.సి.ఎం.బి., హార్వర్డు పరిశోధకులు 25 సముదాయములకు చెందిన 132 మంది సజీవుల లిఖితమును చదివిరి. కులమేదైనను, భాషయేదైనను, దాదాపు ప్రతి సముదాయమునందును రెండు పురాతన వంశముల కలయికయే కానవచ్చెను. పాలు మాత్రమే హెచ్చుతగ్గులు. కావున బాలబాలికలారా, పంక్తిని భోజనమునకు కూర్చుండునపుడు ప్రక్కవాని వంశము నడుగకుడు. మీ యెముకలును, వాని యెముకలును ఆ ప్రశ్నకు దాదాపు నొకే యుత్తరమును చెప్పును.