అంధరచయిత వర్ణనము: వేద్ మెహతా కృతుల పరిశీలనము

కావ్యమును దృశ్యమనియు శ్రవ్యమనియు విభజించుట మన ఆలంకారికుల సంప్రదాయము. చూపులేని రచయిత రంగులను, రూపములను వర్ణించినచో ఆ వర్ణనమునకు ప్రామాణ్య మెక్కడిదన్న ప్రశ్నకు ఈ విభాగము సమాధాన మీయదు. అమెరికాలో స్థిరపడి ఆంగ్లమున రచనలు చేసిన వేద్ మెహతా కృతులు ఈ ప్రశ్నను విమర్శకుల ముందుంచినవి.

మెహతా 1934 మార్చి 21వ తేదీన లాహోరులో పంజాబీ హిందూకుటుంబమున జన్మించెను. తండ్రి అమోలక్ రామ్ ప్రజారోగ్యశాఖలో వైద్యాధికారి. మెహతా జాత్యంధుడు కాడు. నాలుగేండ్లు నిండకమునుపే మెదడుపొరల వాపువ్యాధి వలన చూపు కోల్పోయెను. గ్రుడ్డివానికి భిక్షాటనమే గతియను భావము ప్రబలియున్న ఆ కాలమున తండ్రి ధైర్యము వహించి, పసివాని నంత దూరమున బొంబాయిలోని దాదరు అంధపాఠశాలకు పంపెను. 1947 దేశవిభజనమున ఆ కుటుంబము లాహోరును విడువవలసివచ్చెను. 1949లో, పదునైదవయేట, మెహతా ఒంటరిగా అమెరికాకు పోయి లిటిల్ రాక్ నగరమునందలి అంధపాఠశాలలో చేరెను. పిదప పొమోనా కళాశాలలోను, ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలోను, హార్వర్డులోను విద్య నభ్యసించెను. 1961 నుండి 1994 వరకు ‘న్యూయార్కర్’ పత్రికకు ఆస్థానరచయితగా నుండెను. 1975లో అమెరికా పౌరుడయ్యెను. 2021 జనవరి 9వ తేదీన న్యూయార్కులో మరణించెను.

1957లో వెలువడిన తొలి గ్రంథము ‘ఫేస్ టు ఫేస్’ ఆత్మకథ. ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఇండియా’ (1970), ‘మహాత్మా గాంధీ అండ్ హిజ్ అపోసిల్స్’ (1977) భారతదేశమునకు సంబంధించినవి. అన్నింటికంటె ముఖ్యమైనది 1972 నుండి 2004 వరకు పలు సంపుటములుగా వెలసిన ‘కాంటినెంట్స్ ఆఫ్ ఎగ్జైల్’ అను స్వీయచరిత్రము. ఇందు మొదటిదగు ‘డాడీజీ’ తండ్రి కథ. రెండవదగు ‘మామాజీ’ (1979) తల్లి కథ. ‘మామాజీ’ యనగా మేనమామయని మన పాఠకులు భ్రమపడుట సహజము. పాశ్చాత్య బంధువాచకమునకు ‘జీ’ యను దేశీయ గౌరవవాచకమును చేర్చిన ఈ పేర్లలోనే ఆ కుటుంబపు ద్విభాషాజీవితము గోచరించును.

తొలి గ్రంథమున అంధత్వమును దాచని మెహతా, పత్రికారచనలలో దానిని ప్రస్తావింపక, చూపుగలవాని వలెనే మనుష్యుల ముఖములను, వేషములను వర్ణించెను. ఇది పాఠకుని వంచించుటయని కొందరాక్షేపించిరి. ఈ యాక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. వాస్తవకథనమున రచయిత సాక్షి. కాని సాక్ష్యము కంటికి మాత్రమే పరిమితము కాదు. వ్యాసుడు చెప్పగా గణపతి వ్రాసెనను కథ సుప్రసిద్ధము. మెహతాయు లేఖకులకు చెప్పి వ్రాయించెను. మరల చదివించుకొని, పలుమారులు సంస్కరించెను. వాక్యమునకు తుదిపరీక్ష చెవియే.

‘వేదీ’ (1982) ఈ వివాదమునకు కీలకము. దాదరు పాఠశాల బాల్యమును చెప్పు ఆ గ్రంథమున దృశ్యవర్ణనములు మిక్కిలి స్వల్పము. ధ్వని, స్పర్శ, వాసనలే లోకమును నిర్మించును. ‘సౌండ్ షాడోస్ ఆఫ్ ది న్యూ వరల్డ్’ (1986) పేరునందలి ‘ధ్వనిచ్ఛాయ’ యను భావనయు నట్టిదే: ఎదుటి వస్తువు శబ్దమును మార్చుతీరును బట్టి అంధుడు దాని ఉనికిని గుర్తించును. ‘ఆల్ ఫర్ లవ్’ (2001) నందు, చూపున్నట్లే జీవింపదలచిన తన పూర్వపు పట్టుదలనే మెహతా విమర్శించుకొనెను.

కావున పత్రికారచనలందలి రంగులు పరుల కన్నుల నుండి సేకరించిన సమాచారముగా, ‘వేదీ’ యందలి ధ్వనులు స్వానుభవముగా వేరుచేసి చదువుట న్యాయము. మొదటిదానియందు శ్రమ కలదు. రెండవదానియందు సాహిత్యమునకు క్రొత్త ప్రపంచమే లభించినది.